జైరాం అడిగిన గోల్‌పోస్టులు

మిర్యాలగూడ స్టేడియం అంటూ ఎవరైనా గొప్పలు పోతే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మైదానం గురించి మాట్లాడే హక్కు ఒక్క జైరాంకే ఉంది.

జైరాంది పాలకీడు దగ్గరి తండా. మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోసే హమాలీ. ఎనభైల్లో పొద్దంతా మోసి, సాయంత్రం మిల్లుల వెనక సర్కారు బీడులో తోటి హమాలీలను పోగేసి ఫుట్‌బాల్ ఆడేవాడు. గోల్ అంటే రెండు గడ్డిమోపులు. ఆట మధ్యలో బర్రెలొచ్చి గోల్‌ను తినేసేవి. అయినా సూర్యాపేట వెళ్లి ఆఫీసర్ల జట్టును ఓడించి వచ్చారు. ఏటా పెట్టే టోర్నమెంటు, మీరు పోస్టులు పాతుకున్న ఏడు మీ ఊళ్లోనే పెడతామని అక్కడివాళ్లు మాటిచ్చారు. తన ఆట ఒక్కసారైనా భార్య గౌరీబాయి, తండావాళ్లు చూడాలని జైరాం ఆశ.

పోస్టులు ఇప్పించమని అర్జీ పెట్టాడు. సర్కారు వారికి అంత చిన్న పని చేయడం నామోషీ కాబోలు, మూడేళ్లు ఆలోచించి ఏకంగా స్టేడియం మంజూరు చేశారు. కోదాడ కాంట్రాక్టరు వెంకటేశ్వర్లుకు పని దక్కింది. జన్మంతా మిల్లులకు వడ్లు ఆరబోసే గచ్చులు వేసిన మనిషి. మైదానం బాగుచేయమంటే ఆయన చేతికి వచ్చిందే చేశాడు. బీడంతా నున్నగా సిమెంటు పోసి, వాననీళ్లు జారిపోయేలా వాలు కూడా ఇచ్చాడు. ఇంజనీరుగారు గచ్చు మందం కొలిచి భేష్ అన్నారు. పెద్దమనుషులు కూర్చోవడానికి నీడ, మెట్లు కట్టారు. పోస్టులు లేవు.

"గీ గచ్చు మీద పడితే మోకాలిచిప్ప మిగుల్తదా సారూ? పోస్టులేవి?" అని జైరాం అడిగాడు.

"పడకుండా ఆడుకోవాలయ్యా. పోస్టులు ఎస్టిమేట్లో లేవు, నన్నేం చేయమంటావు?" అన్నాడు వెంకటేశ్వర్లు.

ప్రారంభోత్సవం నాడు నాయకుడొకాయన బంతిని తన్నాడు. అది వాలు వెంట జారి మురికికాలువలో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు, బుద్ధిలేక నేనూ కొట్టాను. నెల తిరక్కుండా మిల్లులవాళ్లు అక్కడ వడ్లు ఆరబోశారు. ఆటగాళ్లు కాలు పెడితే తరిమేవారు. అదే గచ్చు మీద జైరాం కూలికి వడ్లు తిరగేశాడు.

తొంభై మూడులో ఒక లారీ ఇనుప పోస్టులను తెచ్చి గోడవారన పడేసిపోయింది. పాతడం ఎవరి పనో ఏ ఆఫీసులోనూ తెలియదు. గచ్చు పగలగొట్టే అనుమతి ఇచ్చేవాడూ లేడు. సూర్యాపేటవాళ్లు టోర్నమెంటుకు ఇదే చివరి ఏడు అన్నారు. జైరాం ఇక ఎవరినీ అడగలేదు. వడ్లు లేని రోజు చూసి, జట్టుతో కలిసి గడ్డపారతో గచ్చు పగలగొట్టి పోస్టులు నిలబెట్టాడు. మోకాళ్లు పోతే పోయాయి, ఆట మాత్రం ఇక్కడే అన్నాడు.

మ్యాచ్ నాడు తండా అంతా ట్రాక్టరులో వచ్చింది. ఇంతకాలం అటు తొంగిచూడని ఆటల ఆఫీసరు కూడా వచ్చాడు, పోలీసులను వెంటబెట్టుకుని. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం అట. ఆట మొదలవకముందే జైరాంను జీపెక్కించారు.

గౌరీబాయి జీపుకు అడ్డం నిలబడింది. "ఒక్కపారి ఆడనియ్యుండ్రి సారూ. సూసి పోతం. ఎనుక తీస్కపోండ్రి."

పక్కకు తోసి జీపు పోనిచ్చారు. సాక్ష్యం కింద పోస్టులనూ పెరికి పట్టుకెళ్లారు. ఆ గుంతలు పూడ్చడానికి మాత్రం నిధులు వారంలో వచ్చాయి.