టస్కనీలో నా శనివారం

పాతికేళ్ల పెళ్లిరోజని ఆస్ట్రేలియాలో మేముండే టూవూంబా నుంచి అంత దూరం వెళ్లాం. ఇటలీలోని టస్కనీలో ద్రాక్షతోట మధ్య ఖరీదైన హోటల్. ఉండేది ఒక్క సాయంత్రమే. తీరా వైన్ గ్లాసు ఎత్తాక గుర్తొచ్చింది, ఆ రోజు శనివారమని! వెంకటేశ్వరస్వామికి మొక్కు, శనివారం మందు ముట్టను.

గ్లాసు దించేస్తే, వైన్ పోసిన తోట యజమాని, ముసలాయన, ఏమైందన్నాడు. చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. "నేనూ శుక్రవారం మాంసం ముట్టను. మా అమ్మకిచ్చిన మాట" అన్నాడు.

ఈలోగా నా బుర్ర పనిచేసింది. "టూవూంబాలో ఈపాటికి ఆదివారం వచ్చేసిందే! మొక్కుకున్నది అక్కడేగా?" అన్నాను మా ఆవిడ చెవిలో.

చెయ్యి చాచేలోపే పెద్దాయన ఎంతో గౌరవంగా నా గ్లాసు తీసి ఆవిడ ముందు పెట్టి, నాకు మంచినీళ్లు పోశాడు.

ఆవిడ ఒక గుక్క తాగి, "మీ శనివారం చాలా బాగుందండీ" అంది.