సలీం కారుకు స్టిక్కరు ఇవ్వని రోజు

కోవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది వసంతంలో, బ్లూ మౌంటెన్స్ అవతల ఒక చిన్న ఊళ్లో జరిగే పాత బ్రిటిష్ కార్ల ప్రదర్శనకు నన్ను గేటు తనిఖీకి వేశారు. అప్పటికి నేను సిడ్నీ పడమటి శివార్లలో వెహికల్ ఎగ్జామినర్‌ని. బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. ప్రదర్శనల వాళ్లు మాలాంటివాళ్లను ఒక పూటకు పిలుచుకుంటారు. టైర్లు, బ్రేకులు, స్టీరింగు, లైట్లు చూసి అద్దానికి పచ్చ స్టిక్కరు అంటిస్తేనే బండి మైదానంలోకి పోతుంది. జడ్జీల మార్కులైనా, మధ్యాహ్నం ఊళ్లో ఊరేగింపైనా ఆ స్టిక్కరు తర్వాతే.

ఈ సంగతి సలీంకు చెప్పడం కొరివితో తల గోక్కోవడమే అయింది. సలీం గుంటూరువాడు, అకౌంటెంటు. క్వేకర్స్ హిల్‌లో మా వెనక వీధిలో ఉంటాడు. మూడేళ్లపాటు సెలవురోజులన్నీ గ్యారేజీలోనే గడిపి మోరిస్ మైనర్ అనే పాత బ్రిటిష్ కారును బాగుచేసుకున్నాడు. దాన్ని ఆ ఊరేగింపులో నడపాలని అతని కోరిక. స్కోఫీల్డ్స్‌లో ఇళ్లు అమ్మిపెట్టే వెంకటేశ్వర్లు తనూ వస్తానన్నాడు. ముగ్గురం అందులోనే బయలుదేరాం.

వారం ముందే బ్రేకు తొక్కి చూసి, పెడల్ కిందికి పోతోంది, సరిచేయించమని చెప్పాను. చేయిస్తాలే అన్నాడు. చేయించలేదు. ఆ వారమంతా బంపర్లకు పాలిష్ పెట్టుకున్నాడు. బ్లాక్‌టౌన్ దాటకముందే గమనించాను, ప్రతి సిగ్నల్ దగ్గరా బ్రేకు రెండుసార్లు తొక్కుతున్నాడు. ఇదేమిటంటే నవ్వాడు.

"రెండోసారికి పట్టేస్తది భాయ్. దానికదే అలవాటు."

బ్రేకుకు అలవాట్లుండవు. ఆ కాలపు కార్లకు చక్రం లోపల డ్రమ్ము, దానికి ఒరుసుకునే రెండు షూలు ఉంటాయి. షూలు అరిగేకొద్దీ మధ్యలో సందు పెరిగి పెడల్ లోతుకు పోతుంది. ఈ కాలపు బండ్లలో ఆ సందు తనంతట తనే సర్దుకుంటుంది, మోరిస్‌లో మనం మర తిప్పి బిగించాలి. దారిలోనే ఆపి బిగిద్దామని డిక్కీ తెరిపించాను. మడత కుర్చీలూ బిర్యానీ గిన్నే ఉన్నాయి. జాకీ లేదు. కుర్చీలు పట్టడం లేదని ఇంట్లో దింపేశాడట. కొండ అవతలి వాలు మొత్తం రెండో గేరులో దింపించాను. నేను ప్రాణాలు అరచేత పట్టుకుని కూర్చుంటే, వెనక సీట్లో వెంకటేశ్వర్లు పులిహోర పొట్లం విప్పి, ఆ వాలులో స్థలాలు ఎంత పలుకుతాయో చెప్పుకొచ్చాడు.

గేటు దగ్గర నాకు పైవాడు గ్రాహం. లారీల మెకానిక్‌గా చేసి మానేసిన పెద్దాయన, మాట తక్కువ. తెలిసినవాళ్ల బండి మనం చూడకూడదన్నది పద్ధతి కాబట్టి, సలీంను గ్రాహం వరసలో నిలబడమన్నాను. ఊరేగింపు కోసమని వేసుకున్న ఉన్ని కోటులో చెమటలు కక్కుతూ నేరుగా నా వరసలోకే వచ్చాడు. స్టిక్కరు ఇవ్వనని అక్కడే చెప్పేశాను. వెనక కార్లు ఆగిపోయాయి. ఇంతదూరం వచ్చాక ఇదేం పట్టుదలని వెంకటేశ్వర్లు దిగి వచ్చి నాకు నచ్చజెప్పబోయాడు. సలీం గొంతు తగ్గించాడు.

"మూడేళ్ల కష్టం భాయ్. వేరేవాడైతే సరే, నువ్వే ఇట్టా అంటే ఎట్టా? కొంచెం అడ్జస్ట్ అవ్వొచ్చుగా."

ఈ మాటల్లో గ్రాహంకు అర్థమైంది ఒక్కటే. దగ్గరికొచ్చి, ఇంగ్లీషులో అడిగాడు.

"అడ్జస్టా? ఏ చక్రం?"

రైల్లో ముగ్గురి సీట్లో నాలుగోవాడికి చోటివ్వడం, వియ్యాలవారి మాట పడి ఊరుకోవడం మనకు అడ్జస్ట్ అవడం. ఆయనకు అది చక్రం కింద చేసే పని. మేం జవాబు చెప్పకపోయేసరికి నాలుగూ అనుకున్నాడు కాబోలు, కారు పక్కకు పెట్టించి జాకీ తెచ్చాడు. స్క్రూడ్రైవరుతో మర తిప్పి, చక్రం పట్టేశాక కొద్దిగా వెనక్కి వదులుతూ మూడింటిని సరిచేశాడు. సలీం నాకేసి చూసిన చూపు, ఇంతేగా అన్నట్టుంది. నాకు ఒళ్లు మండింది.

వెనక ఎడమ చక్రం మర చివరిదాకా తిప్పినా చక్రం తిరుగుతూనే ఉంది. డ్రమ్ము ఊడదీస్తే లోపలంతా బ్రేకు నూనె. సిలిండరు కారి షూలు తడిసి ముద్దయ్యాయి. గ్రాహం స్టీరింగుకు ఎర్రచీటీ కట్టాడు. ఇక ఆ కారు మైదానంలోకి కాదుకదా, ఇంటికి కూడా నడిచి పోకూడదు.

సలీం కోటు విప్పి ఆ డ్రమ్ము ముందు చతికిలబడ్డాడు. రెండు వేళ్లతో ఆ తడిని ముట్టుకుని చూసుకున్నాడు.

"దీంతోనా భాయ్ కొండ దిగింది?"

దారి పొడుగునా అతన్ని తిట్టడానికి దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటీ అనాలనిపించలేదు. అవునన్నాను. టో ట్రక్కుకు ఫోన్ చేస్తుంటే వెంకటేశ్వర్లు నా చెవి దగ్గర చేరి, ఊరేగింపు దారి చదునే కదా, అంతమటుకైనా అడ్జస్ట్ అయితే పోయేదన్నాడు. అతనితో నేను నెల రోజులు మాట్లాడలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ ఎందరో నన్ను అడ్జస్ట్ అవమన్నారు. నిబంధనలు వివరించడం, వాదించడం, మొహమాటపడటం మూడూ మానేశాను. ఏ చక్రం అని అడిగేవాణ్ణి.