రానివాళ్ల తేదీలు

ఆసుపత్రిలో అందరూ ఆవిణ్ణి తేదీలక్క అంటారు. ఇరవై ఆరేళ్లుగా రికార్డు రూములో ఫైళ్ల మధ్యే బతుకు. ఫలానా రోగి ఫలానా రోజు వచ్చాడా అంటే కంప్యూటరు తడుముకుంటుందేమో గానీ తేదీలక్క తడుముకోదు. నోట్లో నాలుక లేని మనిషే, కానీ చేతిలో తేదీ ముద్ర ఉందిగా. ఫైలు మీద ఆ ముద్ర పడితే రోగి ఆ రోజు వచ్చినట్టు. పడకపోతే మందుల కిటికీ దగ్గర మాత్రలివ్వరు.

అక్కడే వచ్చింది చిక్కంతా. మంచం పట్టినవాళ్లు ఎలా వస్తారు చెప్పండి? కూతురో భార్యో వచ్చి, "ఆయన కదల్లేకపోతున్నారక్కా" అని నిలబడితే, తేదీలక్క అటూ ఇటూ చూసి ముద్ర కొట్టేసేది. పైవాళ్లకు తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇంట్లో అత్తగారైతే పకపకా నవ్వేది. "నీ ముద్ర పడితే మంచంలో ఉన్నవాడు కూడా లేచి నడిచినట్టేనే." అలా నవ్విన అత్తగారే ఏడాదిన్నర కిందట ఇంట్లో తూలిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచి ఆవిడ ఫైలు మీదా కోడలే నెలనెలా ముద్ర కొడుతోంది.

ఈ సోమవారం పరిశోధన చేసే డాక్టరమ్మ నూట నలభై ఫైళ్ల జాబితా పట్టుకొచ్చింది. "రక్తపోటుకి కొత్త మాత్ర వాడుతున్నవాళ్లక్కా వీళ్లు. దానివల్ల కళ్లు తిరిగి పడిపోతున్నారేమోనని అనుమానం. ఎవరెవరు ఏయే తేదీల్లో వచ్చారో తీసివ్వండి. నెలనెలా వచ్చారంటే నడుస్తున్నట్టే, బాగున్నట్టే లెక్క. శుక్రవారం ఆ లెక్క పైవాళ్లకు పంపించేస్తాను. అది చూసే మిగతా ఆసుపత్రుల్లోనూ ఈ మాత్ర మొదలుపెడతారు."

బుధవారం మధ్యాహ్నం ఎనభై ఏడో ఫైలు దగ్గర తేదీలక్క చెయ్యి ఆగిపోయింది. ముద్రలు వరసగా ఉన్నాయి. పక్కన బరువు రాసే గడి మాత్రం తొమ్మిది నెలలుగా ఖాళీ. వచ్చిన మనిషిని తూకం వెయ్యకుండా నర్సు లోపలికి పంపదు. అంటే మనిషి రాలేదు. గబగబా వెనక్కి తిరగేసింది, మిగిలినవీ చూసింది. ఒకటి కాదు, రెండు కాదు, ముప్పై ఒకటి. అందులో అత్తగారిదొకటి.

చెబితే రిటైర్మెంటుకి పది నెలల ముందు దొంగ ముద్రలావిడని గెంటేస్తారు. చెప్పకపోతే ఆ ముప్పై ఒక్కరూ మంచాల్లో ఉండి కూడా కాగితం మీద నడుస్తూనే ఉంటారు. గురువారం అన్నం సహించలేదు.

"ఏమే, ఎవరైనా ఏమన్నా అన్నారా?" అంది అత్తగారు మంచంలోంచి.

"లేదత్తయ్యా, తలనొప్పి."

"తలనొప్పికి కంచంలో అన్నమెందుకే కెలుకుతున్నావ్?"

కంచం తీసుకుని వంటింట్లోకి పోయింది.

శుక్రవారం పొద్దున ముప్పై ఒక్క ఫైళ్లూ మోసుకెళ్లి డాక్టరమ్మ బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ పైనున్నది తెరిచింది.

"ఈవిడ ఒక్క నెల కూడా మానలేదుగా?"

"వచ్చింది నేనండీ," అంది తేదీలక్క. "ఆవిడ మా అత్తగారు. పడిపోయి ఏడాదిన్నరైంది, మంచం దిగలేదు. మిగతావీ అంతే. మనుషులు రాకుండానే ముద్రలు కొట్టాను. ఏం చేస్తారో చెయ్యండి."

తిడుతుందనుకుంది. డాక్టరమ్మ తిట్టలేదు. అత్తగారు ఏ రోజు పడ్డారని అడిగి, ఆ తేదీని మాత్ర మొదలుపెట్టిన తేదీ పక్కన రాసింది. మాత్ర మొదలయ్యాక పదిహేడు రోజులు.

ఆ రెండు తేదీలూ తేదీలక్కకు కంఠతా వచ్చు. పక్కపక్కన పెట్టి మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. ఈ మూడు రోజులూ ఉద్యోగం గురించి భయపడింది గానీ, దీని గురించి భయపడాలని కూడా తట్టలేదు.

"ఆవిడ ఈ మాత్ర ఇంకా వేసుకుంటున్నారా?" అని అడిగింది డాక్టరమ్మ.

ఆ పొద్దునే బస్సుకి టైమైపోతోందని, అత్తగారి తల కాస్త పైకెత్తి, తేదీలక్కే ఆ మాత్ర నోట్లో వేసి నీళ్లు తాగించి వచ్చింది.