అనువాదం అక్కర్లేదు

అమెరికా సైనికుడు తెలుగులో ఎలా ఏడవాలో నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ళుగా అక్కడి సినిమాలకి తెలుగు మాటలు రాస్తున్నాను. ఆ దేశం నేను చూడలేదు, చూడాలన్న కోరికా లేదు. అశోక్‌నగర్‌లో మూడో అంతస్తులో మా ఇల్లు. కింద కోచింగ్ సెంటర్ పిల్లలు పరీక్ష కోసం అమెరికాతో మన వ్యూహాత్మక భాగస్వామ్యం గురించి పైకే చదువుతుంటారు. పైన నేను వాళ్ళ సైన్యానికి తెలుగు నేర్పుతుంటాను.

రికార్డింగ్ నారాయణగూడలో, ఫ్లైఓవర్ పక్కన మందుల షాపు పైన ఉన్న రెండు గదుల స్టూడియోలో. ముంబయిలో ఒక కంపెనీ మాకు సినిమా బొమ్మ పంపిస్తుంది, దాంతోపాటు డైలాగుల లిస్టు పంపిస్తుంది. ఎవరు, ఏ సెకనులో, ఏమంటారో అందులో ఉంటుంది. దాన్ని నేను పెదవులకి అతికేలా తెలుగు చెయ్యాలి. వాళ్ళ పెదవులు మూసుకున్న చోట నా మాటలో ప, బ, మ ఏదో ఒకటి పడాలి. వెనక్కి తిరిగి నిలబడ్డవాడూ, ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడూ మా పాలిట దేవుళ్ళు. నోరు కనబడదు కనక వాళ్ళ చేత ఏదైనా అనిపించవచ్చు.

కంపెనీకి కొన్ని నియమాలున్నాయి. బూతు వినబడకూడదు. మనిషి పేగులు బయటపడి చావడం చూపించవచ్చు, ఆ చంపినవాడు నోరు జారితే మాత్రం మాకు ఈమెయిల్ వస్తుంది. ఆ బూతులన్నిటికీ బదులు నేను ఎన్ని వేల 'ఛీ'లూ 'దరిద్రుడా'లూ రాశానో లెక్కలేదు. ఇదేం సంస్కృతిరా నాయనా అని మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత నవ్వు రావడం మానేసింది.

పోయిన ఏడాది ఇరాక్ యుద్ధం మీద ఒకటి వచ్చింది. లేని ఆయుధాలు ఉన్నాయని ప్రపంచానికి అబద్ధం చెప్పి, ఒక దేశం మీద పడి దాన్ని నేలమట్టం చేసి, ఇన్నేళ్ళ తర్వాత ఆ విషయంలో తమకెంత బాధగా ఉందో చెప్పుకోవడానికి తీసిన సినిమా. వాళ్ళ బాధే సుమా. హీరో ఇంటికి తిరిగొచ్చి వంటింటి సింకులో వాంతి చేసుకుంటాడు. భార్య వీపు నిమురుతుంది. పచ్చగడ్డి మీద పక్కింటివాళ్ళు మాంసం కాలుస్తుంటే ఆ పొగ చూసి అతను వణికిపోతాడు. ఆ వణుకుకి నేను రెండు పేజీల తెలుగు రాశాను. బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ సినిమాలో సైన్యం కుక్క ఒకటుంది. దానికి ఒక పేరుంది. దాంతో హీరో మాట్లాడే మాటలు పదకొండు. అది చచ్చిపోయినప్పుడు జెండా కప్పుతారు.

ఒక ఆడమనిషి కూడా ఉంది. ఆమెకి పేరు లేదు. సైనికులు పట్టపగలు ఒక ఇంటి ముందుకొస్తారు. నల్ల బట్టల్లో ఆమె వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చి చెయ్యి పైకెత్తి అరుస్తుంది. ఒక సైనికుడు తుపాకి గురిపెట్టి, "చేతిలో ఏముంది? కింద పడెయ్!" అంటాడు. ఆ తెలుగు నాదే. ఆమెని పక్కకి తోసేస్తారు, తలుపుకి మందుగుండు పెట్టి పేలుస్తారు. కెమెరా లోపలికి వెళ్ళదు. హీరో ముఖం మీదికి వెళ్ళి అక్కడే ఆగిపోతుంది. లోపల ఏం జరిగిందో మనం ఆ ముఖంలో చూసుకోవాలన్నమాట. లిస్టులో ఆమె వరసలో ఇలా ఉంది: 'స్త్రీ. స్థానిక భాషలో అరుస్తుంది. అనువాదం అక్కర్లేదు.'

ఇలాంటి వరసలు తొమ్మిదేళ్ళలో ఎన్ని దాటేశానో! అఫ్ఘన్ ముసలివాళ్ళు, సోమాలియా కుర్రాళ్ళు, వియత్నాం తల్లులు. అనువాదం అక్కర్లేదంటే నాకు పని తగ్గినట్టే. పెన్ను కిందికి జరిపేదాన్ని.

ఈసారి మాత్రం జరపలేకపోయాను. ఆ రోజు స్టూడియోలో మేం వట్టి చప్పుళ్ళ ట్రాకు విని చూస్తున్నాం. డబ్బింగ్ కోసం కంపెనీ దాన్ని విడిగా పంపిస్తుంది. అందులో నటుల మాటలుండవు. తుపాకులు, హెలికాప్టరు, బూట్లు, కుక్క మొరుగుడు, సంగీతం, అంతే. ఆ చప్పుళ్ళ మధ్యలో ఆమె గొంతు వచ్చింది, గంట కొట్టినంత స్పష్టంగా. తెలుగు చెయ్యాల్సిన అవసరం లేదు కనక ఆమెని మాటల్లో పెట్టలేదు. హెలికాప్టరుతో, కుక్కతో కలిపి చప్పుళ్ళలో పెట్టారు. అమెరికన్లందరూ నోరు మూసుకుంటే గానీ ఆమె నాకు వినబడలేదు.

ఒళ్ళు మండింది. మొదట వాళ్ళ మీద. స్టూడియోలోకి ఫోన్ తీసుకెళ్ళకూడదన్నది ఒప్పందం. భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళినప్పుడు నా ఫోన్ లోపలికి తెచ్చుకుని ఆ ఆరు సెకన్ల గొంతునీ రికార్డు చేసుకున్నాను.

నన్ను రోజూ స్టూడియోకి తీసుకెళ్ళి తీసుకొచ్చే ఆటో అతనిది ముషీరాబాద్. నా మోకాళ్ళు మూలపడ్డప్పటి నుంచీ అతనే నా కాళ్ళు. పన్నెండేళ్ళు కువైట్‌లో ఒక ఇంట్లో కారు నడిపి వచ్చాడు. సిగ్నల్ దగ్గర కోపమొస్తే అరబీలో తిట్టుకుంటాడు. సాయంత్రం చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర ఆటో పక్కకి ఆపించి ఫోన్ అతని చెవి దగ్గర పెట్టాను.

"ఇంకోసారి పెట్టక్కా," అన్నాడు. ఇంజన్ ఆపేశాడు. మూడోసారి కూడా విన్నాడు.

"మా కువైటోళ్ళ యాసకు దీనికి జర ఫరక్ ఉన్నది. గని సమజైంది."

"ఏమని తిడుతోంది?" అనడిగాను. తిడుతోందనే అనుకున్నాను మరి. శాపాలు పెడుతోందనో, దేవుణ్ణి పిలుస్తోందనో అనుకున్నాను. సినిమాల్లో ఆ భాష వాళ్ళు ఆ రెండు పనులు తప్ప ఇంకేం చేస్తారు?

"తిడ్తలేదక్కా. తాళంచెవి నా దగ్గరున్నది, నేనే తీస్త, తలుపు పలగ్గొట్టకుండ్రి అంటున్నది. లోపట పిల్లలు పండుకున్నరంట. గదే మళ్ళ మళ్ళ చెప్తున్నది."

"అంతేనా?"

"గంతే."

ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టి, చాలాసేపు ఆటో స్టార్ట్ చెయ్యలేదు. వెనక బస్సువాడు హారన్ కొడుతున్నా వినిపించుకోలేదు. "ఎవరీమె?" అనడిగాడు. అది సినిమా, నిజం కాదు అన్నాను. "అయితేంది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ బొమ్మని ఆపి చూశాను. పైకెత్తిన పిడికిట్లో ఇనప తాళంచెవి ఉంది. రింగుకి ఎర్రదారం కూడా కట్టి ఉంది. ఎవరో పూనుకుని కట్టారు. నలభైసార్లు చూసిన షాటు అది. 'చేతిలో ఏముంది' అని రాసినదాన్ని, చేతిలో ఏముందో ఒక్కసారీ చూడలేదు. మళ్ళీ ఒళ్ళు మండింది, ఈసారి ఎవరి మీదో చెప్పక్కర్లేదు.

స్టూడియో ఓనరు గుంటూరు వైపు మనిషి, మర్యాదస్థుడు. ఆ మాటలు తెలుగులో పెడదామన్నాను.

"మేడమ్, వాళ్ళు ఇచ్చింది చెప్పడం వరకే మన పని. ఇవ్వనిది చెప్పడానికి మనమెవరం?"

కంపెనీకి నేనే ఈమెయిల్ రాశాను. ఆమె ఏమంటోందో రాసి, దయచేసి ఒక్క వాక్యం తెలుగులో ఉంచనివ్వండి అని అడిగాను. మర్యాదగానే జవాబొచ్చింది. ఆ మాట హీరోకి అర్థం కాదు కనక ప్రేక్షకుడికీ అర్థం కాకూడదట. దర్శకుడి ఉద్దేశమే అదట. యుద్ధంలోని గందరగోళాన్ని మనం హీరోతోపాటు అనుభవించాలట.

ఆ జవాబు చదివి నేను అరిచిన అరుపుకి కిందనున్న మందుల షాపతను పైకొచ్చాడు. హీరోకి అర్థం కాకపోతే లోకంలో ఎవరికీ అర్థం కాకూడదు! ఆ భాష మాట్లాడేవాళ్ళు కోట్లమంది ఉన్నారు, వాళ్ళు ఈ సినిమా చూడరని ఎంత ధీమా! అసలు ఆ దేశం పద్ధతే అది. వాళ్ళకి తెలియని భాషలో ఉన్నది మాట కాదు, చప్పుడు. చప్పుడు మీద బాంబు వేస్తే పాపం లేదు. తర్వాత బాధపడితే అదొక కళ. ఆ కళకి టికెట్టు పెట్టి మన ఊరికి కూడా పంపుతారు. ఇప్పటికీ టీవీ పెడితే అదే వరస. కొత్త ఊరు కూలుతుంటుంది. కోటు వేసుకున్నవాడు వచ్చి ఇది ఎంత అవసరమో వివరిస్తాడు, వాడి మాటకి కింద అక్షరాలు పడతాయి. శిథిలాల మీద నిలబడ్డ ఆడమనిషి అరుస్తుంది, ఆమె మాటకి మాత్రం ఏమీ పడదు. ఇరవయ్యేళ్ళు ఆగితే దాని మీదా ఒక మంచి సినిమా వస్తుంది.

ఓనరు మంచినీళ్ళు తెప్పించాడు.

అప్పుడు నాకు సైనికుల వెనకాల నిలబడ్డవాడు గుర్తొచ్చాడు. వాళ్ళతో తిరిగే దుబాసీ. ముఖానికి గుడ్డ. సినిమా అంతటిలో అతనికి మూడే మాటలు, ఆ సీనులో ఒక్కటీ లేదు. ఆమె భాషా వీళ్ళ భాషా రెండూ వచ్చినవాడు అక్కడ అతనొక్కడే, అయినా దర్శకుడు అతన్ని ఊరికే నిలబెట్టాడు. నోరు కనబడదు కదా. గుంపు గొంతులు చెప్పే ఆర్టిస్టుని పిలిచి ఒక్క వాక్యం చెప్పించాను: "తాళంచెవి ఉందంటోంది, తనే తీస్తానంటోంది, లోపల పిల్లలు పడుకున్నారట." సరిగ్గా ఆమె ఊపిరి తీసుకునే చోట అతికింది. దాని తర్వాత సైనికుడు "చేతిలో ఏముంది?" అని అరిస్తే, నేను రాసిన మాటే నాకు కొత్తగా వినబడింది. ఓనరు విని తల దించుకున్నాడు. వద్దనలేదు.

నాలుగు రోజుల్లో కంపెనీ నుంచి తప్పుల పట్టిక వచ్చింది. అదనపు మాట, తీసెయ్యండి. మళ్ళీ ఇలా జరిగితే పని ఇవ్వం.

రెండు రోజులు పోట్లాడాను. మూడో రోజు ఓనరే కూర్చుని తీసేశాడు. తీస్తూ అడిగాడు: "మేడమ్, మీకంత బాధగా ఉంటే చివర మీ పేరు వెయ్యొద్దని రాయమంటారా?"

"ఉండనివ్వండి," అన్నాను. పేరు లేకపోతే తర్వాతి సినిమా రాదు. ఇంకో పని నాకు రాదు. ఈ రెండూ నిజమే. అయినా ఆ మాట అన్నది ఈ నోరే.

సినిమా క్రాస్‌రోడ్స్‌లోని ఒక హాల్లో విడుదలైంది. వచ్చినప్పుడు చెప్పమని ఆటో అతను ముందే అడిగి ఉన్నాడు. ఇద్దరం మ్యాట్నీకి వెళ్ళాం. హాలు సగం నిండింది. తుపాకి పేలినప్పుడల్లా ఈలలు. కుక్క చచ్చిపోతే ఎవరో ముక్కు చీదారు. నా ముందు వరసలో ఒకాయన, నా వయసువాడే, పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని తన్మయంగా చూస్తున్నాడు.

వీధి వచ్చింది. ఆమె పరుగెత్తుకొచ్చింది. అరుస్తోంది. నేను కుర్చీ చెయ్యి పట్టుకున్నాను.

"తాళంచెవి ఉన్నదంటున్నది!" అన్నాడు ఆటో అతను. గొంతు తగ్గించలేదు. "నేనే తీస్తంటున్నది! పిల్లలున్నరంట లోపట!"

"ఏయ్ భాయ్, జర సినిమా చూడనియ్యి," అన్నాడు ముందాయన తల తిప్పకుండా. వెనక కుర్రాళ్ళు నవ్వారు.

తెర మీద సైనికుడు నా తెలుగులో అరిచాడు. "చేతిలో ఏముంది? కింద పడెయ్!" పిడికిలి పైకి లేచింది. తలుపు పేలింది. హీరో ముఖం తెరంతా వచ్చింది, కళ్ళలో నీళ్ళు. హాలు నిశ్శబ్దమైపోయింది.

ముందాయన అప్పుడు వెనక్కి తిరిగాడు. పాప్‌కార్న్ నములుతున్న నోరు ఆగిపోయింది.

"అన్నా, ఆమె చేతిల నిజంగనే తాళంచెవి ఉండె. చూసిన నేను."

"అదే చెప్తున్న గద," అన్నాడు ఆటో అతను.

"మరి తెలుగుల చెప్పాలె గద!" ఆయనకి కోపమొచ్చింది. "సినిమా మొత్తం తెలుగుల చేసిండ్రు, కుక్కతోని మాట్లాడింది గూడ చేసిండ్రు. గీ ఒక్క ముక్క చెప్తే ఏమాయె? ఎవరక్కా గీ తెలుగు రాసినోళ్ళు?"

నన్నే అడిగాడు. పక్కన ఆటో అతను నా వైపు చూడకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళలో ఎంతమంది నోళ్ళలో మాటలు పెట్టానో, నా నోట ఒక్క మాట రాలేదు. చివర పేర్లు పడేదాకా ఉండకుండా లేచి వచ్చేశాను.