అత్తయ్య తోట, నా గీత

“పిల్లా, నా తోటలో ఉప్పు ఎప్పటికి పోద్దో లెక్క కట్టి చెప్పు” అని మా మేనత్త అడిగినప్పుడు నేను ఆవిడ అరుగు మీద కూర్చుని పకోడీలు తింటున్నాను. రాజోలు బస్సు ఎన్నింటికి అని అడిగినట్టే అడిగింది. నేనూ అలాగే, నోట్లో పకోడీ పెట్టుకునే, “చూద్దాంలే అత్తయ్యా” అన్నాను.

మా అత్తయ్య సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే “తీరిక లేక” అనేది. దిండి వెళ్లే దారిలో చిన్న కొబ్బరితోట కొనుక్కుని అందులోనే ఇల్లు కట్టుకుంది. మాట్లాడితే ఇంజక్షనే. మెత్తగా ఉండదు, ఎక్కువసేపూ ఉండదు.

ఆ తోట ఆవిడకి ఏమిటో తెలియాలంటే మా తాత గురించి చెప్పాలి. తాత ఒకరి తోటల్లో చెట్లెక్కి దింపు తీసేవాడు, కాయ ఒలిచేవాడు. రోజంతా కొబ్బరికాయల మధ్యే ఉన్నా, రాలిన కాయ ఒక్కటి ఇంటికి తెచ్చుకునే హక్కు ఉండేది కాదు. చేతుల్లోకి దిగిన పీచు నలుపు ఆయన చచ్చేదాకా వదల్లేదని అత్తయ్య చెప్పేది. ఆ చేతులతోనే కూతురికి మొక్క పాతడం నేర్పాడు. గొయ్యి తియ్యాలి, అడుగున ఇసుక పొయ్యాలి, గుప్పెడు కళ్లుప్పు చల్లాలి, మొక్క పెట్టాలి. మా కోనసీమలో ఉప్పు లేకుండా కొబ్బరి మొక్క పాతితే చూసినవాళ్లు నవ్వుతారు. కొబ్బరికి కాస్త ఉప్పు కావాలన్నది వట్టి నమ్మకం కూడా కాదు, అందులో నిజం ఉంది.

తోట కాపుకొచ్చాక అత్తయ్య ఏటా చర్చిలో కోత పండగకి ఒక గెల తీసుకెళ్లేది. మా సంఘంలో ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. బియ్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, కోడిపుంజులు. ఆరాధన అయ్యాక అక్కడే వేలం వేస్తారు. అత్తయ్య తెల్లచీర కట్టుకుని, గెలని తనే భుజం మీద మోసుకుని నడిచొచ్చేది. చీరకి మరకవుతుందని ఎవరైనా చెయ్యి వేయబోతే కసిరేది. అప్పుడు ఆవిడ మొహం చూడాలి. గర్వం పాపమని ఆ పూట ఆవిడకి ఎవరూ చెప్పలేకపోయేవారు.

తర్వాత తోటకి రెండు పక్కలా రొయ్యల చెరువులొచ్చాయి. ఉప్పునీళ్లు గట్ల కింద నుంచి ఊరాయి. మట్టలు పసుపుబారాయి, కాయలు నిమ్మకాయంతై రాలిపోయాయి, మొవ్వులు వాలిపోయాయి. అత్తయ్య తిరగని ఆఫీసు లేదు. ఆఫీసర్లు వచ్చి, తోట చూసి, “అయ్యో, అలాగాండీ” అని, ఆవిడ ఇచ్చిన టీ తాగి వెళ్లారు. చివరికి రొయ్యలకే ఏదో రోగం తగిలి చెరువులవాళ్లు జెండా ఎత్తేశారు. అప్పటికి అత్తయ్య తోటలో మోళ్లు మాత్రం మిగిలాయి.

గెల లేదని ఆవిడ కోత పండగకి వెళ్లడం మానేసింది. “అంబాజీపేటలో కాయలకేం కరువు? కొని తీసుకెళ్లొచ్చుగా” అన్నాను ఓసారి.

“కొన్న కాయ కానుకెలా అవుద్దే? చర్చికెళ్తున్నానా, సంతకెళ్తున్నానా?” అంది. తర్వాత కాస్త తగ్గి, “నేనుండగా ఒక్క గెల. నా నేలలో కాసింది. అంతే, ఇంకేం అడగను” అంది.

ఆవిడకి డెబ్బై దాటాయి. ఉప్పు పోవాలి, మొక్క పెట్టాలి, అది కాపుకి రావాలి. ఆవిడ నన్ను అడిగిన లెక్క అదీ.

నేను అమలాపురంలో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతాను. చెబుతాను అనడం కూడా ఇప్పుడు గొప్పే. పిల్లలందరూ కంప్యూటర్లకి పోతే నా క్లాసులో ముందు బెంచీ కూడా నిండదు. పీహెచ్‌డీ లేకపోతే ఉద్యోగం నిలవదని ప్రిన్సిపాల్‌గారు చెవిలో జోరీగలా పోరితే, తల నెరిసే వయసులో రిజిస్టర్ చేశాను. నాకు దొరికిన విషయం భిన్న కలనం. అవకలనం, అంటే డిఫరెన్షియేషన్, ఒకసారి చేస్తాం, రెండుసార్లు చేస్తాం. అర సారి చేస్తే ఏమవుతుందన్నదే దాని మొదటి ప్రశ్న. అత్తయ్యకి చెబితే పడీపడీ నవ్వింది.

“అర సారేంటే? సూది సగం పొడిచి వదిలేసినట్టా?”

“నవ్వు, నవ్వు. నీ ఉప్పు లెక్క కూడా అందులోనే ఉందిట” అన్నాను ఉక్రోషంగా. ఆ మాట మా గైడుగారిది. సిద్ధాంతం ఒక్కటే ఉంటే ఎవరూ చూడరు, మీ కోనసీమ చౌడు నేలల కొలతలు తీసి దానికి అతికించమన్నారు.

అతికించాల్సిన ప్రమేయానికి ఓ విదేశీ పండితుడి పేరుంది. ఎన్నిసార్లు పలికినా నాకే నోరు తిరగదు. దాని తల్లి మాత్రం అందరికీ తెలిసిన ఎక్స్‌పొనెన్షియల్, అదే ఘాతీయ ప్రమేయం. ఆ శ్రేణిలో ప్రతి పదం కింద ఉండే ఫాక్టోరియల్ తీసేసి, ఆ చోట గామా ప్రమేయాన్ని పెట్టి, లోపల ఆల్ఫా అనే ఓ మరని బిగిస్తే ఇది వస్తుంది. ఆల్ఫా ఒకటైతే మళ్లీ తల్లే. ఒకటికి తగ్గిందా, దాని గుణమే మారిపోతుంది.

తల్లికి నిన్న అనేది లేదు. ఇప్పుడు ఎంత ఉందో దాన్నిబట్టే తగ్గుతుంది. టీ చల్లారడం, ఒంట్లో మందు దిగడం దాదాపు అలాగే జరుగుతాయి. ఈ కూతురు అలా కాదు. ఇవాళ ఎంత తగ్గాలో తేల్చుకోవడానికి మొదటి రోజు నుంచీ జరిగినదంతా తవ్వుకుంటుంది. దీనికి ఇంకో పాడు గుణం ఉంది. మొదట్లో తల్లికన్నా గబగబా దిగుతుంది. చూసేవాళ్లకి ఆశ పుడుతుంది. ఆ తర్వాత నడక మందగించి, తోక సాగుతూనే ఉంటుంది. సున్నా వైపే వెళ్తుంది, కానీ మన ఆయుష్షుతో దానికి పని లేదు.

ప్రతి నెలా అత్తయ్య తోటకి వెళ్లి మట్టి తీసేదాన్ని. బ్యాటరీలో పోసే నీళ్లు పోసి కలిపి, తేరుకున్నాక ఉప్పు కొలిచే మీటరు ముంచేదాన్ని. మొదటి ఏడాది అంకె జారుడుబల్ల మీద పడ్డట్టు పడింది. అత్తయ్య మీటరు మీదికి వంగి చదివేది, జ్వరం దిగుతున్న పేషెంటుని చూసినట్టు.

“సగానికొచ్చింది. అంటే ఇంకో ఏడాదికి అందులో సగం, ఆ పై ఏడాదికి అందులో సగం. ఒంట్లో మందు దిగినట్టే కదే. ఈపాటి లెక్కకి నీ పీహెచ్‌డీ ఎందుకు?” అంది. ఆ రోజు రొయ్యలు తప్ప ఇంకేదైనా వండుతానని ఇడ్లీపిండి పోసి ఉడికించే పొట్టిక్కల కోసం పనసాకుల బుట్టలు కుట్టింది. రొయ్య ఆ ఇంటి గడప తొక్కి చాలా కాలమైంది.

రెండో ఏడాది అంకె ఆగిపోయింది. ఆగలేదు, నిజానికి తగ్గుతోంది. కానీ కంటికి ఆనదు. నల్లమట్టి సందుల్లో చిక్కుకున్న ఉప్పు వానాకాలంలో కిందికి దిగుతోంది, ఎండాకాలంలో చెమ్మతో పాటు మళ్లీ పైకి పాకుతోంది. కొలతలన్నీ పెట్టి గీత గీశాను. తల్లి ప్రమేయం గీత ఎక్కడో కిందికి పోయింది. కూతురు గీత బిందువులన్నింటినీ ముట్టుకుంటూ వెళ్లింది. గైడుగారు ఫోన్లో ఎగిరి గంతేసినంత పని చేశారు. “అద్భుతమండీ! ఆ తోట ఇంకో రెండేళ్లు ఇలాగే ఉంటే చాలు, మీ థీసిస్‌కి తిరుగులేదు” అన్నారు. ఒళ్లు మండిపోయింది. ఆయన తప్పేముంది, ఆయనకి అది తోట కాదు, పట్టిక. ఆయ్ అండీ అని ఫోన్ పెట్టేశాను.

గీతని ముందుకి పొడిగించి, మొక్క బతికే ఉప్పు స్థాయి దగ్గర అడ్డగీత గీశాను. రెండూ కలిసే చోటు చూసి కాగితం మడిచేశాను. మళ్లీ తీసి లెక్క సరిచూశాను. తప్పు దొరకాలని అంతలా వెతికింది ఆ ఒక్క లెక్కలోనే.

వెళ్లి చెప్పాను. చుట్టూ తిప్పి చెప్పడం నాకూ రాదు, మా వంశంలోనే లేదు.

“పోద్ది అత్తయ్యా. కానీ నిదానంగా పోద్ది.”

“ఎంత నిదానంగా?”

“చాలా.”

“నేనుండగానా, నేను పోయాకా?”

ఆవిడకి నా మొహంలోనే జవాబు దొరికింది. అయినా “నీ మీటరు పాడైపోయిందే” అంది. తర్వాత వానలకి తడిసిన మట్టిని చిటికెడు తీసి నాలిక మీద వేసుకుంది. “చూడు, చప్పగా ఉంది. నువ్వూ తిను.”

“వానల్లో అలాగే ఉంటుంది. ఎండల్లో మళ్లీ పైకొస్తుంది. నా మాట నమ్మకపోతే ఎండాకాలం దాకా ఆగి చూడు” అన్నాను.

“ఆగడానికి నీకుంది వయసు. నాకేం ఉంది?” అని లోపలికెళ్లి గిన్నెలు చప్పుడు చేయడం మొదలెట్టింది.

నేను పరీక్షల పనిలో పడి ఓ నెల వెళ్లలేదు. వెళ్లేసరికి తోటలో మోళ్ల మధ్య కొత్త మొక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. అంబాజీపేట నుంచి ఆటోలో తెప్పించి, ఆ వయసులో తనే గోతులు తీసి పాతిందట. నన్ను చూసి, “ఎలా ఉన్నాయే నా పేషెంట్లు?” అంది. బాగున్నాయి. పాడు మొక్కలు, నిజంగానే నవనవలాడుతున్నాయి. సంక్రాంతి దాటినా అలాగే ఉన్నాయి. నా లెక్క తప్పయితే బాగుండునని, థీసిస్ గోదాట్లో కలిసినా పర్లేదని, బస్సులో కూర్చుని ప్రార్థన చేసుకునేదాన్ని. దేవుణ్ణి లెక్క తప్పు చెయ్యమని అడగడం నా చదువుకి సిగ్గుచేటే. అయినా అడిగాను.

ఎండలు ముదిరాయి. కాలవలకి నీళ్లు ఆపేశారు. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక మీటరు సంచీలో వేసుకుని వెళ్లాను. ఇంటి తలుపు తీసే ఉంది, మనిషి లేదు. తోటలోకి వెళ్తే మొక్కలన్నీ కాలిన కాగితాల రంగులో ఉన్నాయి. ఒకదాని మొవ్వు పట్టుకుంటే చేతిలోకి ఊడొచ్చింది, అడుగున కుళ్లు వాసన. అత్తయ్య ఓ మూల నేల మీద గొంతుక్కూర్చుని, పీకిన మొక్క వేళ్లు గోళ్లతో చీల్చి చూస్తోంది.

“అత్తయ్యా” అన్నాను.

తల ఎత్తింది. ఏడ్చిన మొహం కాదు. కళ్లలో ఏదో మెరుపు కూడా ఉంది. అది చూసి నాకు భయమేసింది.

“ఎందుకు చచ్చేయో తెలిసిందే” అంది. “నేనే చంపేను. గోతుల్లో ఉప్పేసేను.”

“ఏంటీ?”

“ప్రతి గోతిలోనూ. గుప్పెడు గుప్పెడు. నాన్న నేర్పిన చెయ్యి కదే, దానంతటదే ఉప్పు సంచీలోకి వెళ్లిపోయింది. పాతేసేక కూడా గుర్తు రాలేదు. నిన్న రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది.”

“ఉప్పుతో చచ్చిన నేలకి ఉప్పేసేవా? ఎవరైనా వింటే నవ్విపోతారు!” అని అరిచాను. అరిచి, నవ్వబోయి, ఆగిపోయాను. ఆవిడ లేచి నా ముంజెయ్యి పట్టుకుంది. నాడి చూసే పట్టు.

“అందుకే కదే చచ్చేయి? నా ఉప్పు వల్లే కదా? అంటే వెయ్యకపోతే బతికేవి. వానలు పడగానే మళ్లీ పెడదాం. ఈసారి నువ్వు పక్కన నిలబడు, నా చెయ్యి సంచీ వైపు వెళ్తే కొట్టు.”

అప్పుడు అర్థమైంది ఆ మెరుపేమిటో. తప్పు తనదైతే దిద్దుకోవచ్చు. నేలదైతే చేసేదేం లేదు. డెబ్బై దాటిన మనిషి తన తప్పుని అంత ప్రేమగా పట్టుకోవడం నేనెక్కడా చూడలేదు.

ఆ నేలలో అడుగు లోతున ఎంత ఉప్పుందో నాకు తెలుసు. దాని ముందు గుప్పెడు ఉప్పు ఏ మూలకి? ఆ మాట లోపలే మింగేసి ఆయ్ అత్తయ్యా, నీ ఉప్పు వల్లే అంటే సరిపోయేది. ఎవరికీ నష్టం లేదు. కానీ అంటే మళ్లీ వానల్లో గోతులు తవ్వుతుంది, మళ్లీ ఎండల్లో ఇలాగే కూర్చుంటుంది.

“కాదత్తయ్యా” అన్నాను. “నువ్వు ఉప్పు వెయ్యకపోయినా అవి చచ్చేవే.”

ఆవిడ నా ముంజెయ్యి వదిలింది. మొక్కని నేల మీద పెట్టి, చీరకంటిన మట్టి దులుపుకుంది.

“ఇంత చదువు చదివేవు. ఒక్క అబద్ధం ఆడ్డం రాలేదేంటే నీకు?” అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. ఇంట్లోకి నడిచింది, నన్ను రమ్మనలేదు.

నేను ఆ ఎండలో నిలబడిపోయాను. భుజాన సంచీ ఉంది, సంచీలో మీటరు. ఆ నెల కొలత ఇంకా తియ్యలేదు. ఎప్పుడూ తీసే చోటే మట్టి తీశాను, నీళ్లు కలిపాను, తేరుకునేదాకా కూర్చున్నాను, అంకె రాసుకున్నాను. ఇంటికొచ్చి గ్రాఫు మీద పెట్టాను.

బిందువు సరిగ్గా గీత మీద కూర్చుంది.