మా బావ చేయని సైకిళ్లు

మా బావ ఎజిదియో పేరు మీరు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక రేసు సైకిల్ గొట్టం మీద చదివే ఉంటారు. చదవకపోయినా కొంపలేమీ మునిగిపోవు. ఆ పేరు అక్కడ అంటించేది నేనే. ఎర్ర అక్షరాలు, చుట్టూ తెల్ల గీత, చివర వంకర తోక. నీళ్లలో నానబెట్టి, గొట్టం మీద పరిచి, బుడగ మిగలకుండా బొటనవేలితో నొక్కుతాను. కొన్ని వేలసార్లు ఆ మనిషి పేరును నా చేత్తో సాపు చేశాను. మనిషిని సాపు చేయడం మాత్రం మా అమ్మమ్మ మొక్కుకున్న పునీతులందరి వల్లా కాలేదు.

మాది గ్రప్పా కొండ కింద ఊరు. ఇక్కడి మగవాళ్లకు ఆదివారం రెండే పనులు. పొద్దున చర్చి ఎగ్గొట్టి సైకిల్ మీద కొండెక్కడం, మధ్యాహ్నం వైన్ కొట్లో కూర్చుని ఎంత వేగంగా ఎక్కారో అబద్ధాలు చెప్పుకోవడం. పళ్ల డాక్టరు, నోటరీ, కోడిగుడ్ల టోకు వ్యాపారి, అందరూ బొజ్జల మీదికి బిగుతు బనీన్లు లాక్కుని బయల్దేరుతారు. బొజ్జలోంచి ఒక కిలో దించుకోవడం కన్నా సైకిల్లోంచి రెండు వందల గ్రాములు దించుకోవడం వాళ్లకు తేలిక. అందుకే ఉక్కు సైకిళ్లు మూలపడి, అల్యూమినియం సైకిళ్లు వచ్చాయి.

బావ ఉక్కు మనిషి. ముప్పై ఏళ్లు ఉక్కు గొట్టాలను ఇత్తడితో అతికాడు. ఆ పని వచ్చు, కాదనను. ఉక్కు మర్యాదగల లోహం. కాగేకొద్దీ ఎర్రబడి, ఇక చాలు అని చెబుతుంది. అల్యూమినియం ఏమీ చెప్పదు. చల్లగా ఉన్నప్పుడు ఏ రంగో కాలుతున్నప్పుడూ అదే రంగు. ఉన్నట్టుండి జారి కింద పడుతుంది, గొట్టంలో వేలు దూరేంత కన్నం మిగులుతుంది. మొదటి వారంలోనే బావ పద్నాలుగు గొట్టాలకు కన్నాలు పెట్టాడు. పెట్టి, ఇది సత్తు గిన్నెల లోహం, మగాడు ముట్టుకునేది కాదని వైన్ కొట్లో ప్రకటించి వచ్చాడు. ఆర్డర్లు మాత్రం ఒక్కటీ వదల్లేదు.

మా అక్క నోరీనా అప్పటికే పన్నెండేళ్లుగా లారీల డీజిల్ ట్యాంకులు చేసే ఫ్యాక్టరీలో ఉంది. అవీ అల్యూమినియమే. కరగబోయే ముందు లోహం మీద చెమ్మ పట్టినట్టు ఒక మెరుపు కనిపిస్తుందట. కనిపిస్తుందట అంటున్నాను, నాకెప్పుడూ కనిపించలేదు. ఒక ఆదివారం పోలెంతా సంకటి పొయ్యి మీంచి దించి, చేతులు కడుక్కుని, బావ తగలేసిన గొట్టాల్లో పనికొచ్చే ముక్కలు ఏరి రెండు అతికింది. అతుకు చేప పొలుసుల వరసలా పడింది. బావ దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. బాగుందని అనలేదు. మిగతావీ కానీయమన్నాడు. అక్క ఫ్యాక్టరీ మానేసింది. అప్పటినుంచి మా బావ అల్యూమినియం మాస్త్రో అయ్యాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

అసలు చిక్కు సీసా దగ్గర వచ్చింది. మా వైపు చేత్తో చేసే సైకిల్ పురమాయించినవాడు, దానికి మొదటి అతుకు పడే రోజున ఒక మందు సీసా, ఒక సలామీ మాంసపు చుట్ట తెచ్చి దగ్గర నిలబడాలి. సీసా అతుకు వేసిన చేతికి చెందుతుంది. అది ఆనవాయితీ. ఉక్కు రోజుల్లో ఇబ్బంది లేదు. ఇప్పుడేం చేయాలి? బావ బుర్ర ఇలాంటి వాటికి పాదరసం. అల్యూమినియం అతికే వెలుగు కళ్లు తీసేస్తుందని చెప్పి వర్క్‌షాపులో అడ్డంగా మందపాటి టార్పాలిన్ తెర కట్టాడు. అది నిజమే కాబట్టి ఎవరూ అడగలేదు. వచ్చినవాళ్లు తెరకు ఇవతల నిలబడేవారు. బావ తోలు ఏప్రన్ కట్టుకుని, యుద్ధానికి వెళ్తున్నట్టు అందరికీ తలపంకించి తెర వెనక్కి వెళ్లేవాడు. వెళ్లి, బోర్లించిన ద్రాక్ష పెట్టె మీద కూర్చుని సలామీ తినేవాడు. అక్క అతుకు వేసేది. బుస్సుమన్న చప్పుడు ఆగగానే బావ కుళాయి కింద నుదురు తడుపుకుని బయటికి వచ్చేవాడు. పళ్ల డాక్టరు గారు ఆ చెమట చూసి, మాస్త్రో హస్తవాసి వేరయ్యా అనేవారు. ఎనిమిదేళ్లు ఆ కుళాయి నీళ్లకు దండం పెట్టారు మా ఊరి పెద్దమనుషులు.

అక్కకు కావలసింది పెద్దదేమీ కాదు. గొట్టం మీద తన పేరు అడగలేదు, సీసా అడగలేదు, ఆమె తాగదు కూడా. నలుగురిలో ఒక్కసారి, ఈ అతుకులు నోరీనా వేస్తుంది అని ఆయన నోటితో అనాలి. అంతే. ఏటా పెళ్లిరోజున అడిగేది. ఆడది అతికిన సైకిల్ మీద మగాళ్లు కొండ దిగరు, భయపడతారు, పేరు పోతుంది అనేవాడు బావ. నాకు ఒళ్లు మండేది. తెర నేనే లాగి పారేస్తానని ఒకసారి అన్నాను.

"నువ్వు లాగితే ఏం లాభమే లుచిల్లా. అది ఆయన నోట్లోంచి రావాలి" అంది అక్క.

ఆ మాట తొంభై ఎనిమిది మార్చిలో వచ్చింది. వచ్చిన తీరు చెబుతాను.

మా జిల్లాలో కుర్ర రేసుగాళ్ల జట్టును నడిపే ఓరెస్తె గారు ఎనిమిది సైకిల్ ఫ్రేములు పురమాయించారు. డెబ్బై ఏళ్ల మనిషి, మాటలు తక్కువ. తీసుకోవడానికి శనివారం ఇద్దరు మెకానిక్‌లతో వచ్చి, మొదటి అతుకు రోజున రాలేకపోయారు కాబట్టి అప్పుడు మంచి గ్రప్పా సారా సీసా బావ ముందు పెట్టారు. ఒక్కొక్క ఫ్రేమునూ సమతలపు ఇనప బల్ల మీద బిగించి కొలుస్తున్నారు. ఏడు సరిగ్గా ఉన్నాయి. ఎనిమిదోది వెనకవైపు రెండు మిల్లీమీటర్లు పక్కకు పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలుసు. ఎవరో విలేకరి వచ్చాడని, ఇంకా చల్లారకముందే బావ దాన్ని బిగింపులోంచి ఊడదీసి ఫొటోకు పట్టుకున్నాడు.

అక్క తెర పక్కనుంచి మెల్లగా చెప్పింది, దాన్ని వదిలేయ్, అతికాక కొలిమిలో పెట్టినప్పుడే గట్టిపడిపోయింది, ఇక వంగదు, గురువారానికి ఇంకోటి చేస్తానని. ఇంకోటి చేయడమంటే తప్పయిందని ఒప్పుకోవడం. బావ వినలేదు. ఉక్కు ఫ్రేము అయితే పొడవాటి కడ్డీ దూర్చి ఒక్కసారి ఒరిగితే చాలు, దారికొస్తుంది. జీవితమంతా చేసిన పని అది. మూడువేల ఫ్రేములు సరిచేశానని మెకానిక్‌లకు వినబడేలా అని, కడ్డీ దూర్చి, తన తొంభై కిలోలూ దాని మీద వేశాడు.

ఎండుకొమ్మ విరిగినట్టు చప్పుడైంది. వెనక చక్రాన్ని పట్టే గొట్టం చీలి నోరు తెరిచింది.

బావ మొహం పాలిపోయింది, తరవాత ఎర్రబడింది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత మా ఇంట్లో పుట్టి ఉండాలి.

"అతుకు చెడింది" అన్నాడు. ఓరెస్తె గారు ఇంకా చూస్తూనే ఉన్నారు. "అది నేను వేసింది కాదండీ. నోరీనా వేసింది."

ఎనిమిదేళ్ల మాట అలా వచ్చింది.

అక్క తెర తొలగించుకుని వచ్చింది. ముసుగు నెత్తి మీదికి ఎత్తి ఉంది, కాళ్లకు ఇంట్లో వేసుకునే ఉన్ని చెప్పులు. విరిగిన ఫ్రేము తీసుకుని ఓరెస్తె గారి ముందు పెట్టి, వేలితో చూపించింది. అతుకు ఇక్కడ ఉంది, విరిగింది బొటనవేలెడు అవతల. అతుకు మీద గీత కూడా పడలేదు. ఆయన కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

"మరి మిగతా ఏడూ ఎవరు వేశారు?" అని బావను అడిగారు.

బావ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఇది ఆమెది అన్నాక అవి నావి అనడానికి లేదు, అతుకులన్నీ ఒకే చేతివి, బల్ల మీద వరసగా కనిపిస్తున్నాయి.

"ఈ ఒక్క మాట నీ నోట వినాలని ఎనిమిదేళ్లు కాచుకున్నా. తప్పు నామీదికి తోయాల్సొస్తే తప్ప నీకు నా పేరు గుర్తు రాలేదు, చూశావా" అంది అక్క. చేతి వెనకతో కళ్లు తుడుచుకుంది. సంతోషం కాదు, ఏడుపే.

ఓరెస్తె గారు బావ ముందున్న సీసాను తీసి అక్క ముందు పెట్టారు.

"గురువారానికి ఎనిమిదోది చేసిస్తావా అమ్మా?"

చేస్తానంది. చేసింది కూడా.

తెర ఇంకా ఉంది, వెలుగు కళ్లు తీయడం మానలేదు కదా. బావ మాత్రం ఇప్పుడు ఇవతలే నిలబడి, వచ్చినవాళ్లకు సలామీ కోసిపెడుతున్నాడు. అతుకులు వేసేది మా ఆవిడే అని తనే ముందుగా చెబుతాడు. చెప్పి, కత్తి తుడుచుకుంటూ, నేర్పింది నేనే అంటాడు. పళ్ల డాక్టరు గారు తలాడిస్తారు. తెర వెనక అక్క వింటూనే ఉంటుంది. ముసుగు దించుకుని పని మొదలుపెడుతుంది.

గొట్టాల మీద పేరు ఇంకా ఆయనదే. అంటించేదీ నేనే. బుడగలు ఉంటే ఉండనీ అని వదిలేస్తున్నాను.