గీజర్‌కు నేను చేసిన వైద్యం

పొద్దున మా గీజర్ కింద చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయి. కెమిస్ట్రీ సారును కదా, ప్లంబర్ ఎందుకులే అనుకున్నాను. స్విచ్ ఆపి, పైపు చుట్టూ మా నల్లగొండ బోరునీళ్లు కట్టిన తెల్లటి సున్నపు పెచ్చునంతా స్క్రూడ్రైవర్‌తో శుభ్రంగా గీకేశాను. అంతే, చుక్క కాస్తా ధారయింది. నిలువునా తడిసిపోయాను.

మధ్యాహ్నం వచ్చిన ప్లంబర్ యాదయ్య పైపు చూసి నవ్వాడు.

"సార్, గీ పైపుకు ఎప్పుడో చిల్లు పడ్డది. ఇన్నొద్దులు నీళ్లను ఆపింది గా సున్నమే. మీరు దాన్నే గీకిండ్రు!"

"నాకేం తెలుసు యాదయ్యా?" అన్నాను.

రేపు తొమ్మిదో తరగతికి నేను చెప్పాల్సిన పాఠం కఠిన జలం. నా బదులు యాదయ్యను పంపమంటోంది మా ఆవిడ. మీరేమంటారు?